నీళ్లు సగమయ్యేదాకా

పోయిన నెలలో మా మనవడు తిరుపతిలో పాత సామాన్లు అమ్మేవాడి దగ్గర ఒక మంగలికత్తి కొనుక్కొచ్చాడు. మడిచే కత్తి. కొమ్ము పిడి. ఈ కాలపు పిల్లలకు పాత వస్తువులంటే మోజు. వరండాలో పేపరు పరుచుకుని, ఫోనులో ఎవరో చెబుతుంటే వింటూ, పళ్ల బ్రష్షుతో దాన్ని తోముతున్నాడు. పక్కన స్పిరిట్ సీసా, దూది పెట్టుకున్నాడు.

"అవ్వా, మనోళ్ల పని ఇదే కదా. ఒకరు వాడిన కత్తిని అప్పట్లో ఎట్ల శుభ్రం చేసేవాళ్లు?"

"ఉడకబెట్టు."

"ఎంతసేపు?"

"నీళ్లు సగమయ్యేదాకా."

"అంతసేపు ఎందుకవ్వా? స్పిరిట్ తుడిస్తే చాలంట."

నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. వాడు ఇంకో రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు. ఎనభై ఏళ్లుగా ఒక్క అమ్మకు తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతిని వాడికి వరండాలో నిలబడి చెప్పలేను. ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు చంద్రగిరికి, పాకాలకు మధ్య కొండవాలున ఉండేది. మా ఇళ్లలో మగవాళ్లు గడ్డాలు గీసేవాళ్లు, ఆడవాళ్లు కాన్పులు చేసేవాళ్లు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఎవరు పుట్టినా మొదట తాకేది మా అమ్మ చేయి. ఎవరు చచ్చినా వాళ్ల ఇంటి మగవాళ్ల తలలు గొరిగేది మా నాయన. మేం తాకిన తర్వాత అందరూ స్నానం చేసేవాళ్లు.

నాయనకు కోపం ఎక్కువ. సంతలో, కల్లు దుకాణం దగ్గర, వీధిలో ఎవరితోనో ఒకరితో కొట్లాడి రాని వారం ఉండేది కాదు. కత్తికి పదును తేవడానికి గడపకు ఒక తోలుపట్టీ కట్టి ఉండేది. అది కత్తికి ఎంత పనిచేసిందో నా వీపుకూ అంతే పనిచేసింది. ఒకసారి పక్కింటి మేకకు దవడకింద వేలాడే గడ్డాన్ని నాయన కత్తితో గీసేశాను. మేక ఒకచోట నిలవక మెడ తెగి రక్తం వచ్చింది. ఆ పట్టీ దెబ్బలు వారం రోజులు కమిలి ఉన్నాయి. అమ్మ నూనె రాస్తూ, "మేక గడ్డం గీసినందుకు గాదు, కత్తి మొద్దు చేసినందుకు కొట్టినాడు" అంది. అది ఓదార్పు అని ఆమె అనుకుంది.

ఇది నాకు తొమ్మిదేళ్లప్పటి చలికాలం. ఎక్కడో యుద్ధం జరుగుతోంది. కిరసనాయిలు కొలిచి పోసేవాళ్లు. ఇంగ్లండు నుంచి సీమకత్తులు రావడం ఆగిపోయింది. నాయన కత్తి నూరి నూరి వేలెడు వెడల్పు కూడా లేకుండా సన్నమైంది. అంతకుముందు అరిగిపోయిన పాత కత్తితో అమ్మ పుట్టిన బిడ్డల బొడ్డు కోసేది. అదీ ఆ నెలలోనే విరిగింది. అప్పుడు నాయన ఒక మేకపిల్లను తోలుకుని చిత్తూరు పోయి, దాని బదులు ఒక కత్తి తెచ్చాడు.

నడవలో అందరం అనపకాయలు వలుస్తున్నాం. మా వైపు చలికాలమంతా చిక్కుడులాంటి ఆ కాయల వాసనే. నూనె జిడ్డులాంటి ఘాటు వాసన, చేతులు కడిగినా పోదు. గింజలు నానబెట్టి, పొట్టు పిదికి, సంగటిలోకి కూర చేసేవాళ్లు. పిదికేటప్పుడు గింజను వేళ్ల మధ్య నొక్కి కోడిపెట్టల మీదికి చిమ్మడం నా ఆట. నాయన కత్తి తీసి మా ముందు విప్పాడు. తుప్పు పట్టి ఉంది. పిడి దగ్గర గోధుమ రంగు మరకలు.

"ఎవురిదిది?" అంది అమ్మ.

"చిత్తూర్లో మనోడిదే. ఎవురు ఏ ఊరికి గొరగాలనే పంపకాల కాడ తమ్మునితో తగువొచ్చి, దీంతోనే వాని చెంప చెవి కాడ్నించి నోటిదాకా కోసినాడంట. ఇంక జన్మలో కత్తి పట్టగూడదని కులపంచాయితీ తీర్పిచ్చినారు. కత్తి వానికెందుకు? మేకపిల్లను ఇచ్చి తెచ్చినా."

మా జేజి, అంటే నాయన తల్లి, చేతిలోని కాయలు కింద పడేసింది.

"నెత్తురు తాగిన కత్తిని కొంపలోకి తెస్తివా?"

"నెత్తురు తాగని మంగలికత్తి యాడుండాదో చెప్పుమా, పొయ్యి తెస్తా" అని నాయన నవ్వాడు.

ఆయన చేసిన తప్పు కత్తిని తేవడం కాదు. దాని కథ చెప్పడం. అరుగు మీద గడ్డానికి కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు. చెప్పేకొద్దీ గాయం పెద్దదైంది. చెంప మెడ అయింది. గాయపడినవాడు చచ్చినవాడయ్యాడు. ఆ తమ్ముడు చిత్తూరులో మూడు పూటలా సంగటి తింటూ బతికే ఉన్నాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ దిద్దలేదు. కథ బాగుండేది. వినేవాళ్లు గొంతు కదపకుండా కూర్చునేవాళ్లు.

కత్తి మాత్రం గడ్డానికి పనికిరాలేదు. ఎంత నూరినా మొన దగ్గర చిన్న విరుపు పోలేదు. మొదటి రోజే ఒక బండివాడి గవద తెగింది. వాడు లేచి నాయన చెంప మీద కొట్టాడు. నాయన సబ్బు చేత్తో వాడి చెంప మీద కొట్టాడు. ఇద్దరూ అరుగు మీదనుంచి దొర్లి వీధిలో పడ్డారు. ఒకడికి సగం గడ్డం, ఇద్దరి ముఖాలకూ నురగ, రక్తం. జనం వచ్చి విడదీశారు. నాయన కత్తిని పెరట్లోకి విసిరేశాడు.

అమ్మ పోయి దాన్ని తెచ్చుకుంది.

"మొన పోయింది గానీ ఈ పక్క బాగానే ఉండాది. నాకు రెండు వేళ్ల వెడల్పు చాలు" అంది.

అమ్మ దాన్ని శుభ్రం చేసిన తీరు నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. రాయితో పిడి మేకును కొట్టి ఊడదీసింది. కత్తి వేరు, కొమ్ము వేరు చేసింది. కొమ్ము సందులో ఎండిన సబ్బు, వెంట్రుకలు, ఇంకేదో నల్లటిది ఉన్నాయి. వెదురు పుల్లతో అన్నీ గీకింది. కత్తిని కిరసనాయిల్లో నానబెట్టి, మెత్తటి ఇటుకపొడితో తుప్పు వదిలేదాకా రుద్దింది. కుంకుడు రసంతో కడిగింది. తర్వాత కొత్తకుండలో నీళ్లు పోసి పొయ్యిమీద పెట్టి, కత్తి వేసి, పక్కన కూర్చుంది. నీళ్లు సగమయ్యేదాకా లేవలేదు. కొమ్మును ఉడకబెడితే వంగుతుందని దాన్ని వేరే వేడినీళ్లతో నాలుగుసార్లు కడిగి ఎండలో పెట్టింది. ఎండాక కత్తికి మళ్లీ మేకుతో బిగించి, ఉడకబెట్టిన తెల్లగుడ్డలో చుట్టి, ముడివేసి, వాసానికి వేలాడదీసింది.

ఇదంతా ఆమె పుట్టింటి విద్య కాదు. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు పోయాక, నా కాన్పుకు ఆమె నడిచి కిరస్తానీ దొరసానుల ఆసుపత్రికి పోయింది. అక్కడి నర్సమ్మ ఒకామె నేర్పింది. బొడ్డు మీద పేడ, బూడిద, మట్టి ఏదీ పడనివ్వొద్దని, కోసే కత్తి ఉడకాలని. అమ్మ ఆ మాటలను మంత్రంలా పట్టుకుంది. జేజికి అది నచ్చేది కాదు. తరతరాలుగా బొడ్డుకు బూడిద అద్దిన చేతులు మావి.

మర్నాడు పొద్దున అమ్మ బట్టలు ఉతకడానికి ఏటికి పోయినప్పుడు జేజి నన్ను దగ్గరికి పిలిచింది.

"మీయమ్మ మురికి కడిగింది. మైల కడగలే."

"ఉడకబెట్టింది కదా జేజీ."

"ఉడకబెడితే సచ్చినోడి మైల పోతాదా? ఆ కత్తి పురిటింటికి పోతే అది ముందు పట్టేది మీయమ్మనే. నెత్తురు కక్కుకోని సస్తాది."

ఆ చిత్తూరు తమ్ముడు చావలేదని జేజికి తెలుసు. నాయన చెప్పిన కథను పది రోజులు విని ఆమె కూడా నమ్మడం మొదలుపెట్టింది. నేనూ నమ్మాను.

"అమ్మకు చెప్తాం."

"చెప్తే ఇంటాదా? దొరసాని మాటలు తలకెక్కినాయి దానికి. నువ్వు చెయ్. కళ్లాపి బానలో మూడుమాట్లు ముంచి తియ్. పసుపు పూయి. తుడిసి, ఎట్లుండేదో అట్లనే కట్టిపెట్టు. మీయమ్మ నీకు కావల్నా వద్దా?"

కళ్లాపి బాన గొడ్ల కొట్టంలో ఉండేది. రోజూ పొద్దున వాకిట చల్లే పేడనీళ్లు. ఆ వాసన నాకు ఇష్టం. పచ్చిగడ్డి, ఆవు ఒళ్లు, తడినేల అన్నీ కలిసిన వాసన. కత్తిని మూడుసార్లు ముంచాను. పిడి కూడా మునిగేలా లోతుగా ముంచాను, మైల ఎక్కడా మిగలకూడదని. పసుపు పూసి పావడా కుచ్చెళ్లతో తుడిచాను. అదే గుడ్డలో చుట్టి, అమ్మ వేసినట్టే ముడి వేసి, పీట ఎక్కి వాసానికి తగిలించాను. అమ్మను కాపాడానని ఆ రోజంతా నాకు సంతోషంగా ఉంది. మధ్యాహ్నం జేజి నాకు ఎవరికీ తెలియకుండా బెల్లం ముక్క ఇచ్చింది.

మూడోరోజు పొద్దెక్కాక పక్క ఊరి పెద్దింటి నుంచి బండి వచ్చింది. ఆ ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగో కాన్పు. అమ్మ కత్తి మూట తీసుకుని పోయింది. సాయంత్రానికి తిరిగి వచ్చి చేయి చాపి చూపించింది. మోచేతి కింద వరసగా పళ్ల గాట్లు, నల్లగా రక్తం కట్టి ఉన్నాయి.

"సూడత్తా, కరిసేసింది. కాళ్లు ముందొచ్చినాయి బిడ్డకు. నేను లోపల తిప్పతా ఉంటే ఆయమ్మ నా చెయ్యి నోట్లో పెట్టుకోని వదిలితేగా! నేను అరస్తా ఉండా, ఆయమ్మ అరస్తా ఉండాది. బయట వాళ్లకు కాన్పు ఎవురికో తెలీలే."

జేజి కూడా నవ్వింది. మొగబిడ్డ. వాళ్లు అమ్మకు కొత్త చీర, చేట నిండా బియ్యం, బెల్లం ఇచ్చారు.

పది రోజులు బిడ్డకు నీళ్లు పోయడానికి అమ్మ రోజూ పోవాలి. బిడ్డ పుట్టిన ఆరోరోజు పొద్దున్నే తిరిగి వచ్చేసింది. వాసం మీద మూట తీసుకుని పెరట్లో ఎండలోకి పోయింది. కత్తి విప్పి, పిడిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. నేను కాయలు వలుస్తూ ఆమెను చూస్తున్నాను. ఆమె నా వైపు చూడలేదు. మూట కట్టి తగిలించి, జేజితో, "బిడ్డ నోరు తెరవడంలే. ముట్టుకుంటే విల్లు మాదిరి వంగిపోతా ఉండాడు" అని చెప్పి మళ్లీ ఆ ఇంటికి నడిచింది.

ఎనిమిదోరోజు పొద్దున బిడ్డ పోయాడు.

ఆ మధ్యాహ్నం పెద్దింటివాళ్లు నలుగురు వచ్చారు. ముందు బిడ్డ పెదనాయన. నాయన అరుగు మీద ఒకతనికి గడ్డం గీస్తున్నాడు. పెదనాయన నీళ్ల గిన్నెను కాలితో తన్నాడు. గడ్డం గీయించుకునేవాడు నురగతోనే లేచి పోయాడు.

"ఏరా, నీ పెండ్లాం ఏ కత్తితో కోసింది?"

"మా ఇంటి కత్తే సామీ."

"మెడ కోసిన కత్తి గదరా అది! మనిషిని సంపిన కత్తితో మా బిడ్డ బొడ్డు కోసినారా? ఊరంతా నువ్వే సెప్పుకోని తిరిగితివి కదరా!"

"మెడ కాదు సామీ" అన్నాడు నాయన. "చెంపే. చెంప మాత్రమే."

ఆ మాట పూర్తి కాకముందే బండి గుంజతో నోటిమీద కొట్టారు. పళ్లు రాలడం చూశాను. కిందపడ్డాక వీపు మీద, కాళ్లమీద కొట్టారు. సంతలో ఎవరిమీద పడితే వాళ్లమీద చేయి చేసుకునే మనిషి ఆ రోజు చేయి ఎత్తలేదు. ముఖం కప్పుకోవడానికి కూడా ఎత్తలేదు. ఎవరిమీద ఎత్తవచ్చో, ఎవరిముందు ఎత్తకూడదో ఆయనకు తెలుసు.

అమ్మ లోపలినుంచి వచ్చి మధ్యలో నిలబడింది.

"ఆయన్ని కొట్టద్దండి. కోసింది నేను."

"కడిగినావా దాన్ని?"

"ఉడకబెట్టినా సామీ. నీళ్లు సగమయ్యేదాకా ఉడకబెట్టినా."

"అబద్దం!"

"నా బిడ్డ మీద ఒట్టు సామీ. ఉడకబెట్టినా."

నేను గుమ్మంలో ఉన్నాను. ఆమె ఒట్టు నామీదే వేసింది. అప్పటికి నాకు పేడకూ బిడ్డ చావుకూ సంబంధం తెలియదు. కానీ అమ్మకు తెలియకుండా నేను కత్తిని ఏదో చేశానని, ఆమె ఒట్టు నిజం కాదని, ఆ మాట చెప్పాల్సింది నేనేనని తెలిసింది. నోరు తెరిచాను. వెనకనుంచి జేజి చేయి నా నోరు మూసింది. ఆ చేతికి అనపకాయల వాసన. నేను కొరికాను. రక్తం నోట్లోకి వచ్చింది. జేజి చేయి తీయలేదు.

వాళ్లు అమ్మ కుడిచేతిని అరుగు రాతిమీద పెట్టించారు. ఇద్దరు పట్టుకున్నారు. మా నడవలోంచే రోకలి తెచ్చారు. మూడు దెబ్బలు. మొదటి దెబ్బకు అమ్మ అరిచింది. రెండోదానికి అరవలేదు. మూడోదానికి నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడు వినిపించింది. ఎండిన కొమ్మ విరిగినట్టు ఉంటుందని చాలామంది రాస్తారు. అలా ఉండదు. తడిగా ఉంటుంది.

కత్తిని బావిలో పారేసి పోయారు. వీధిలో అందరూ చూస్తున్నారు. ఆ చూసేవాళ్లలో సగంమందిని భూమ్మీదికి లాగింది ఆ చెయ్యే.

కట్టు కట్టేవాడు వచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టాడు. మూడు వేళ్లు వంకరగా అతుక్కున్నాయి, రెండు కదలలేదు. ఆరునెలలు జేజి తన చేత్తో అమ్మకు సంగటి ముద్దలు పెట్టింది. నేను కొరికిన చోట ఆమె చేతికి మచ్చ పడింది. అమ్మా జేజీ ఆ కత్తి సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. నాయన పళ్లు లేని నోటితో ఇంక కథలు చెప్పలేదు. రెండేళ్లకు జేజి పోయింది. అమ్మ మాత్రం ఆ చలికాలం నుంచే వాకిట పేడనీళ్లు చల్లడం మానేసింది. వట్టి నీళ్లు చల్లేది. "కిరస్తానీల్లో కలిసిపోయినావా మే?" అని వీధిలో ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

కాన్పులు చేయలేదు గాని, కాన్పు కష్టమైన చోటికి ఆమెను పిలిచేవాళ్లు. పక్కన కూర్చుని ఎలా చేయాలో చెప్పేది. నన్ను ఎన్నడూ వెంట తీసుకుపోలేదు. బడికి పంపింది. నేను చదివాను, పంతులమ్మనయ్యాను. దొరికిన పుస్తకమల్లా చదివేదాన్ని. అలా చదువుతూ చదువుతూ ఒకరోజు, అప్పటికి నాకు ముప్పై దాటాయి, రోగాల గురించి రాసిన ఒక పుస్తకంలో అప్పుడే పుట్టిన బిడ్డల జబ్బు ఒకటి చూశాను. సగం పుట కూడా లేదు. బిడ్డ పాలు తాగడం మానేయడం, దవడలు బిగుసుకోవడం, ఒళ్లు విల్లులా వంగడం, ఎనిమిదోరోజు. కారణం బొడ్డు కోసిన చోట సోకిన పేడ, మట్టి.

ఆ వారమే ఊరికి పోయాను. నాయన అప్పటికి లేడు. అమ్మ ఎడమచేత్తో చేటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. జేజి చెప్పడం, నేను ముంచడం, పిడి దాకా ముంచడం.

ఆమె ఏరడం ఆపలేదు.

"తెల్సు" అంది.

"ఎప్పట్నించి?"

"బిడ్డ పాలు తాగలేదన్న పొద్దున్నించి. వచ్చి కత్తి సూసినా. పిడి సందులో పచ్చగా ఎండిపోయి ఉన్నింది. పసుపు గూడా. మీ జేజికి మోకాళ్లు వంగవు, పీట ఎక్కలేదు. ఇంకెవురు?"

"మరి నామీద ఒట్టు వేస్తివి కదమ్మా."

"ఉడకబెట్టినా అనే కదా ఒట్టు ఏసింది. ఉడకబెట్టలేదా నేను?"

"చెప్పుంటే నీ చెయ్యి..."

"చెప్పుంటే? పిలకాయ అని నీ చెయ్యి ఇడిసిపెట్టేవాళ్లా?"

నేను ఆమె కుడిచేతిని పట్టుకుని ఏడ్చాను. ఇరవై ఏళ్లు దాచుకున్న ఏడుపు. ఆమె చెయ్యి లాగేసుకుంది. ముఖం చూస్తే కోపం. ఆమె నన్ను అంత కోపంగా చూడడం అదొక్కసారే.

"నా చెయ్యి కోసరం ఏడ్వబాక. నా నొప్పి ఆర్నెల్లకు పొయ్యింది. బిడ్డ పోయినంక ఆయమ్మకు పాలు గట్టిపడి జొరమొచ్చింది. పాలు పిండి గోడకు పోస్తా ఉన్నింది. నేను కట్టు కట్టిన చేత్తోనే దొడ్డిదారిన పొయ్యి సూసొచ్చినా. నన్ను సూసి ఒక మాటనలే. మళ్లా ఆయమ్మకు కాన్పు రాలే. మూడేండ్లకు మొగుడికి ఇంకో పెండ్లి చేసినారు. ఏడ్సేదుంటే ఆడికి పొయ్యి ఏడువు."

చేట తీసుకుని లోపలికి పోయింది. తర్వాత ఆమె పదకొండేళ్లు బతికింది. ఆ మాట మళ్లీ రాలేదు.

అమ్మ పోయి ఇన్నేళ్లయినా నాకు కలల్లో కనిపించేది ఆ కుడిచెయ్యే. మా ఇంటికి జరిగిన అన్యాయం, నాయన పళ్లు, రోకలి చప్పుడు నేను ఒక్కటీ మరవలేదు. ఆ బిడ్డకు మాత్రం పేరు పెట్టలేదు, పదకొండోరోజు పెట్టాల్సింది. వాడి తల్లి పేరు నేను ఎన్నడూ అడగలేదు. ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయిందో, పుట్టింటికి పోయిందో, ఎప్పుడు చనిపోయిందో తెలియదు. పాకాల దారిలో ఆ ఊరు ఇప్పటికీ ఉంది. బస్సు ఆగుతుంది. ఆ దారిన ఎన్నోసార్లు పోయాను. దిగలేదు.